గ్రీకుల దగ్గర కులం ఉందా?

మా ఆదివారం ధమ్మ తరగతిలో ఒక డిగ్రీ కుర్రాడు లేచి అడిగాడు. "అన్నా, ప్రజాస్వామ్యం గ్రీకు దేశంలో పుట్టిందంటారు కదా. మరి వాళ్ల దగ్గర కులం లేదా?" నేను "లేదు తమ్ముడూ" అని చెప్పేసి ముందుకెళ్లిపోయాను. ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే సరిపోలేదు.

నేను బి.ఏ.లో చరిత్ర చదివినవాణ్ణే. గ్రీకు పాఠంలో పెరిక్లీస్ స్వర్ణయుగం, ఒలింపిక్ ఆటలు, సోక్రటీస్ విషం తాగటం అన్నీ రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ స్వర్ణయుగానికి వెండి తవ్వినవాడు ఎవడు అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. "కులం లేదు" అన్నది నిజమే. కాని సగం నిజం. మిగతా సగం చెప్పాలంటే వాళ్ల సమాజం ఎలా పెరిగిందో మొదటినుంచి చూడాలి. అప్పుడు ఆ ప్రశ్న తిరిగి తిరిగి మన దగ్గరికే వస్తుంది.

బుద్ధుడు చెప్పిన గ్రీకుల మాట

గ్రీకుల సంగతి మన ధమ్మంలోకి ఎవరో కొత్తగా తెచ్చింది కాదు. మజ్ఝిమ నికాయంలో అస్సలాయన సుత్తం ఉంది. సావత్థిలో 500 మంది బ్రాహ్మణులు కలిసి, బాగా చదువుకున్న 16 ఏళ్ల అస్సలాయనుణ్ణి బుద్ధుడితో వాదించమని పంపుతారు. బ్రాహ్మణులే శ్రేష్ఠులు, బ్రహ్మ నోటినుంచి పుట్టినవాళ్లు అని అతని వాదం. బుద్ధుడు కోప్పడడు. ఒక చిన్న ప్రశ్న వేస్తాడు. యోన, కాంబోజ వంటి సరిహద్దు దేశాల్లో రెండే వర్ణాలున్నాయని, యజమాని, దాసుడు అని, అక్కడ యజమాని దాసుడవుతాడని, దాసుడు యజమాని అవుతాడని నువ్వు వినలేదా? అస్సలాయనుడు విన్నానని ఒప్పుకుంటాడు.

యోన అంటే గ్రీకులే. అయోనియా అనే గ్రీకు ప్రాంతం పేరునుంచి ఆ మాట వచ్చింది. ఆ రోజుల్లో పర్షియా సామ్రాజ్యం ఒక కొసన అయోనియా దాకా, ఇంకో కొసన గాంధారం దాకా ఉండేది. అందుకే వాళ్ల వార్తలు ఇక్కడికి చేరాయి.

ఆ ప్రశ్నలో బలం ఎక్కడుందో చూడండి. నాలుగు వర్ణాలు దేవుడు పెట్టినవైతే అన్ని దేశాల్లోనూ ఉండాలి. సూర్యుడు ఇక్కడ ఉదయిస్తాడు, అక్కడా ఉదయిస్తాడు. వర్ణం మాత్రం ఇక్కడే ఉంది, అక్కడ లేదు. అంటే అది మనుషులు కట్టుకున్న గోడ. మనుషులు కట్టినదాన్ని మనుషులు కూల్చగలరు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. యోన దేశం మంచిది, మనం అలా బతుకుదాం అని బుద్ధుడు అనలేదు. రెండే వర్ణాలున్నాయన్నాడు, అందులో రెండోది దాసుడని కూడా చెప్పాడు. ఆ రెండో మాటను నేను నా తరగతిలో మింగేశాను.

లెక్కల పలకలనుంచి సభ దాకా

గ్రీకు భాషలో మనకు దొరికిన మొదటి రాతలు కవిత్వం కాదు, లెక్కలు. క్రీస్తుకు పూర్వం పదమూడో శతాబ్దం నాటికి పైలాస్ లాంటి చోట్ల పెద్ద రాజభవనాలు ఉండేవి. అక్కడి గుమాస్తాలు మట్టి పలకల మీద లెక్కలు రాసుకున్నారు. ఆ లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ చదివాడు. చదివితే ఏముంది? పనిచేసే ఆడవాళ్లు ఎంతమంది, వాళ్ల పిల్లలు ఎంతమంది, వాళ్లకి ఎన్ని గింజలు, ఎన్ని అత్తిపళ్లు కొలవాలి అన్న పట్టీలు. దాసుడు, దాసి అన్న మాటలు ఆ పలకల్లోనే ఉన్నాయి.

క్రీ.పూ. 1200 ప్రాంతంలో ఆ భవనాలు కూలిపోయాయి. వాటితో పాటు ఆ లిపీ పోయింది. కొన్ని వందల ఏళ్ల తర్వాత గ్రీకులు ఫినీషియా వర్తకుల దగ్గర అక్షరాలు తీసుకుని, వాటికి అచ్చులు చేర్చుకున్నారు. పాతిక లోపు అక్షరాలు, ఎవరైనా నేర్చుకోవచ్చు. వింటే చెవిలో సీసం పోస్తామనే శాస్త్రం అక్కడ లేదు. చదువు ఒక పురోహిత కులం గుప్పిట్లో ఉండిపోలేదు. గ్రీకు ఆలోచన పెరగటానికి ఇదొక పెద్ద కారణం అని నా అభిప్రాయం.

అయితే అక్షరం అందరిదైనంత మాత్రాన మాట అందరిదీ కాలేదు. హోమర్ ఇలియడ్‌లో థెర్సైటిస్ అనే మామూలు సైనికుడు ఉన్నాడు. రాజు అగమెమ్నాన్‌ని అందరి ముందూ నిలదీస్తాడు. నీ గుడారం నిండా కంచు, ఆడవాళ్లు ఉన్నారు, నీ కోసం మేమెందుకు చావాలి, ఇంటికి పోదాం అంటాడు. ఒడిస్సియస్ అతని వీపు మీద దండంతో కొడతాడు. మిగతా సైనికులు నవ్వుతారు. ట్రాయ్‌కి వచ్చినవాళ్లందరిలోకీ అనాకారి అని కవి అతన్ని వర్ణిస్తాడు. ప్రశ్న అడిగినవాణ్ణి అనాకారిని చేసి, కొట్టి, నవ్వటం. ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు.

కొంతకాలానికి ఏథెన్స్‌లో చిన్నరైతులు అప్పుల్లో కూరుకుపోయారు. అప్పుకి తాకట్టు వాళ్ల ఒళ్లే. కట్టలేకపోతే బానిస. కొందరిని పై దేశాలకు అమ్మేశారు. జీతానికి ఉండటం అంటే ఏంటో మన తాతలకి తెలుసు కాబట్టి ఇది మనకు వివరించక్కర్లేదు. క్రీ.పూ. 594లో సోలోన్ అనేవాడికి అధికారం అప్పగించారు. అతను అప్పులు రద్దు చేశాడు. ఇకమీద మనిషి ఒంటిని తాకట్టు పెట్టుకుని అప్పివ్వకూడదని చట్టం చేశాడు. అమ్ముడుపోయినవాళ్లలో కొందరిని వెనక్కి తెప్పించాడు. ఆ పనికి గ్రీకులు పెట్టుకున్న పేరుకి అర్థం, భారం దులిపేసుకోవటం. మన దేశంలో వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చిందని గుర్తు పెట్టుకుంటే సోలోన్ చేసింది ఎంత పెద్ద పనో తెలుస్తుంది.

సోలోన్ కూడా జనాన్ని నాలుగు తరగతులు చేశాడు. అవి పుట్టుకతో వచ్చేవి కావు, పంట లెక్కతో వచ్చేవి. ఏడాదికి 500 కొలతలు పండించేవాళ్లు మొదటి తరగతి, 300 రెండోది, 200 మూడోది, ఆ కిందివాళ్లు నాలుగోది. డబ్బుని బట్టి గౌరవం ఇవ్వటం న్యాయం కాదు. కాని పంట పెరిగితే తరగతి మారుతుంది. మన నాలుగు వర్ణాల్లో ఎంత పండించినా మారదు.

తర్వాత క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లైస్తనీస్ ఇంకో అడుగు వేశాడు. పాత వంశాల తెగలను పక్కనపెట్టి, ఊరు, తీరం, లోపలి పల్లెలు కలిపి పది కొత్త తెగలు చేశాడు. మనిషిని తండ్రి పేరుతో కాక ఊరి పేరుతో గుర్తించాలని పెట్టాడు. ఇంటిపేరు అడిగి కులం పసిగట్టే మనలాంటి చోట ఈ ఏర్పాటు విలువ చెప్పనక్కర్లేదు. 500 మంది సభ్యుల మండలిని చీటీలు తీసి ఎంపిక చేసేవాళ్లు. చెప్పులు కుట్టేవాడు, కుండలు చేసేవాడు కూడా సభలో నిలబడి మాట్లాడొచ్చు. థెర్సైటిస్‌కి దెబ్బలు పడ్డ చోటే అతని మనవలకి మాట దక్కిందనుకోవచ్చు.

ఆ స్వేచ్ఛ ఖర్చు ఎవరిది?

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే మన పాఠ్యపుస్తకమే అవుతుంది.

సోలోన్ చట్టం తర్వాత ఏథెన్స్ రైతుని అప్పు కింద బానిసని చేయటానికి లేదు. మరి ధనవంతుడి పొలంలో, ఇంట్లో, కార్ఖానాలో పని ఎవరు చేయాలి? బయటినుంచి కొనుక్కొచ్చారు. థ్రేస్, సిథియా, కారియా, సిరియా మనుషులు సంతలో అమ్ముడుపోయారు. గ్రీకు చరిత్రలో స్వేచ్ఛ పెరిగిన చోటే బానిసత్వమూ పెరిగిందని మోజెస్ ఫిన్లే అనే చరిత్రకారుడు చూపించాడు. ఒకరి సంకెళ్లు తీసి ఇంకొకరికి వేశారన్నమాట.

లారియం వెండి గనుల సంగతి చూడండి. క్రీ.పూ. 483 ప్రాంతంలో అక్కడ మంచి వెండి పడింది. ఆ డబ్బుతో థెమిస్టాక్లిస్ మాట మీద ఓడలు కట్టారు. 480లో సలామిస్ దగ్గర పర్షియా నౌకాదళాన్ని ఓడించారు. ఆ ఓడల్లో తెడ్లు వేసింది ఎక్కువగా పేద పౌరులు, దాంతో ఊళ్లో వాళ్ల మాటకి విలువ పెరిగింది. ప్రజాస్వామ్యం బలపడింది. కాని ఆ వెండి తవ్వింది బానిసలు. మనిషి నిలబడలేని ఇరుకు సొరంగాల్లో, నూనె దీపం వెలుతురులో తవ్వారు. నికియాస్ అనే పెద్దమనిషికి వెయ్యి మంది బానిసలుండేవాళ్లని, వాళ్లని తలకి రోజుకి ఒక ఓబల్ చొప్పున గనికి అద్దెకిచ్చేవాడని జెనోఫోన్ రాశాడు. ఓబల్ అంటే చిన్న వెండి నాణెం.

ఆ బానిసలు తృప్తిగా ఉన్నారా? క్రీ.పూ. 413లో స్పార్టా సైన్యం ఏథెన్స్ పొలిమేరలో డెసిలియా దగ్గర కోట కట్టుకుని కూర్చుంది. అప్పుడు 20,000కి పైగా బానిసలు పారిపోయారని థుసిడైడిస్ రాశాడు. వాళ్లు గ్రంథాలు రాయలేదు. కాళ్లతో జవాబు చెప్పారు.

ఆడవాళ్లకి సభలో చోటు లేదు. పై ఊళ్లనుంచి వచ్చి స్థిరపడి, పన్ను కట్టి, యుద్ధానికి కూడా వెళ్లినవాళ్లకి ఓటు లేదు. విడుదలైన బానిస కూడా వాళ్లలోనే చేరేవాడు. క్రీ.పూ. 451లో పెరిక్లీస్ ఇంకో చట్టం తెచ్చాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ వాళ్లైతేనే బిడ్డ పౌరుడు. పుట్టుకని తలుపులోంచి గెంటేశారు, అది కిటికీలోంచి లోపలికొచ్చింది.

స్పార్టాలో ఇంకా ఘోరం. హెలట్లు అనే జనం మొత్తంగా ఊరుమ్మడి దాసులు, తరతరాలుగా అదే బతుకు. స్పార్టా అధికారులు ఏటేటా వాళ్ల మీద లాంఛనంగా యుద్ధం ప్రకటించేవాళ్లు, చంపితే పాపం అంటకుండా. కాబట్టి "గ్రీకుల దగ్గర దాసుడు యజమాని అవుతాడు" అన్నది కూడా అన్ని చోట్లా ఒకేలా లేదు.

పండితుడు ఏం చేశాడు?

ఒక అన్యాయం చాలాకాలం నిలబడాలంటే కొరడా ఒక్కటే చాలదు. దానికో సిద్ధాంతం కావాలి. అరిస్టాటిల్ చిన్నవాడు కాదు. జంతువుల గురించి, రాజ్యాంగాల గురించి, తర్కం గురించి అంత శ్రద్ధగా పరిశీలించినవాళ్లు అరుదు. అలాంటివాడు బానిస అంటే ప్రాణమున్న పనిముట్టు అన్నాడు. కొందరు స్వభావంచేతనే బానిసలు, వాళ్లకి అదే మేలు అన్నాడు.

ఆ కాలంలో అందరూ అలాగే అనుకున్నారు, అతన్ని తప్పు పట్టకూడదు అని మనవాళ్లు కొందరు అంటారు. అది నిజం కాదు. బానిసత్వం ప్రకృతిలో లేదు, చట్టం వల్ల, బలవంతం వల్ల వచ్చింది, కాబట్టి అన్యాయం అనేవాళ్లు ఉన్నారని అరిస్టాటిలే రాశాడు. ఆల్సిడమస్ అనే వక్త, మెసీనియా హెలట్లకి విడుదల వచ్చిన రోజుల్లో, ప్రకృతి ఎవరినీ బానిసగా పుట్టించలేదని బహిరంగంగా అన్నాడు. అంటే వేరే మాట వినపడుతూనే ఉంది. అరిస్టాటిల్ విని, పక్కన పెట్టాడు. తన వీలునామాలో మాత్రం కొందరు బానిసల్ని విడిచిపెట్టమని రాసుకున్నాడు. సిద్ధాంతంలో పనిముట్టు, చివరి రోజుల్లో మనిషి.

మన మనువు బ్రహ్మ పాదాలు అన్నాడు, అరిస్టాటిల్ ప్రకృతి అన్నాడు. మాట వేరు, పని ఒకటే. అందుకే నేను మా పిల్లలకి ఒకటి చెప్తున్నాను. ఎవరైనా "వాళ్ల స్వభావమే అంత" అంటే అక్కడ ఆగండి. ఆ స్వభావం వల్ల ఎవరికి లాభమో అడగండి.

పేరు లేని కుర్రాడు, పేరున్న పున్నిక

ఇద్దరు దాసుల కథ చెప్పాలి.

ప్లేటో రాసిన మెనో అనే సంవాదంలో సోక్రటీస్ ఒక పరీక్ష చేస్తాడు. మెనో ఇంట్లో పుట్టిన బానిస కుర్రాణ్ణి పిలిచి, ఒక చతురస్రం గీసి, దీనికి రెట్టింపు వైశాల్యం ఉన్న చతురస్రం ఎలా గీస్తావని అడుగుతాడు. కుర్రాడు రెండుసార్లు తప్పు చెప్తాడు. మూడోసారి ప్రశ్నల మీద ప్రశ్నలతో, మూల గీత మీద గీయాలని తనే పట్టుకుంటాడు. చదువు చెప్పనివాడి బుర్రలోనూ జ్ఞానం ఉందని తేలింది. గ్రీకు చరిత్రలో ఎంత పెద్ద ఋజువో చూడండి. కాని ఆ తర్వాత ఏం జరిగింది? సోక్రటీస్, మెనో మళ్లీ సద్గుణం అంటే ఏంటన్న చర్చలోకి వెళ్లిపోయారు. ఇంత బుర్ర ఉన్నవాడు బానిసగా ఎందుకున్నాడని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. కుర్రాడి పేరు కూడా మనకు తెలీదు.

థేరీగాథల్లో పున్నిక ఉంది. అనాథపిండికుడి ఇంట్లో నీళ్లు మోసే దాసి. చలికాలం పొద్దున్నే యజమానుల తిట్లకి, దెబ్బలకి భయపడి నదిలోకి దిగేది. అక్కడ ఒక బ్రాహ్మణుడు పాపం పోతుందని వణుకుతూ మునుగుతుంటే, నీళ్లతో పాపం పోతే కప్పలూ తాబేళ్లూ నీటిపాములూ అన్నీ స్వర్గానికి పోవాలి కదా అని అడిగింది. అతని దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత అనాథపిండికుడు ఆమెని దాస్యంనుంచి విడిపించాడని, ఆమె భిక్ఖుని అయిందని అట్ఠకథ చెప్తుంది. ఆమె పేరు ఉంది, ఆమె మాటలు ఉన్నాయి, ఈనాటికీ చదువుకుంటున్నాం.

తేడా తెలివిలో లేదు. ఇద్దరూ తెలివైనవాళ్లే. తెలివి చూశాక చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేశారన్నదే తేడా.

మన గొప్ప చెప్పుకోవటానికి ఇది రాయట్లేదు. నిజం చెప్పుకోవాలి. యజమాని విడిచిపెట్టని దాసుణ్ణి సంఘంలో చేర్చుకోకూడదని వినయ నియమం కూడా ఉంది. అప్పటి రాజ్యంతో, సమాజంతో సంఘం అలా సర్దుకుంది. సిగాలోవాద సుత్తం దాసులకి, పనివాళ్లకి శక్తికి తగ్గ పని, తిండి, కూలి, జబ్బు చేస్తే వైద్యం, విశ్రాంతి ఇవ్వాలని చెప్పింది కాని దాస్యమే వద్దని అక్కడ చెప్పలేదు. ఇంకోచోట, ఉపాసకుడు చేయకూడని ఐదు వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారం ఉంది. మనుషుల్ని అమ్మటం అని అట్ఠకథ దానికి అర్థం చెప్పింది. దారి చూపించారు, ఆ దారిలో చివరిదాకా నడవాల్సిన పని తర్వాతివాళ్లకి మిగిలింది.

రెండు దారులు కలిసిన చోటు

గ్రీకులు ధమ్మాన్ని దూరంనుంచి చూసి ఊరుకోలేదు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర అశోకుడి శిలాశాసనాలు ఉన్నాయి. అందులో పదమూడో శాసనం కళింగ యుద్ధం మీద అశోకుడి పశ్చాత్తాపం. అందులోనే అంతియోకుడు, తురమాయుడు మొదలైన ఐదుగురు గ్రీకు రాజుల పేర్లు, మన ఆంధ్రుల పేరు కూడా వస్తాయి. బ్రాహ్మణులు, శ్రమణులు లేని దేశం యోన దేశం ఒక్కటే అని ఉంది. దాసులతో, కూలివాళ్లతో సరిగ్గా నడుచుకోవటం ధమ్మం అని కూడా ఉంది. కాందహార్‌లో అశోకుడి మాటలు గ్రీకు భాషలోనే చెక్కి ఉన్నాయి.

తర్వాత మిలిందుడు అనే గ్రీకు రాజు నాగసేన భిక్ఖువుతో చర్చకు వస్తే, నాగసేనుడు ముందే ఒక షరతు పెట్టాడు. పండితుడిలా చర్చిస్తావా, రాజులా చర్చిస్తావా? పండితులు ఓడిపోయినా కోపం తెచ్చుకోరు, రాజులు కాదన్నవాణ్ణి శిక్షిస్తారు. మిలిందుడు పండితుడిలాగే అన్నాడు. థెర్సైటిస్ వీపు మీద పడ్డ దండాన్ని ఇక్కడ పక్కన పెట్టించారు. గ్రీకు సభ, ధమ్మ సభ రెండూ తమ మంచి కొసతో కలిస్తే ఇలా ఉంటుంది.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించింది దీని గురించే. రాజకీయాల్లో మనిషికొక ఓటు, దాని విలువా సమానం. కాని సామాజిక, ఆర్థిక జీవితంలో ఆ సమానత్వం ఉండదు. ఈ వైరుధ్యాన్ని తొందరగా తీసేయకపోతే ప్రజాస్వామ్యమే కూలుతుందన్నారు. ఏథెన్స్ ఆ వైరుధ్యాన్ని తీయలేదు. దాన్నే ప్రకృతి అని పిలిచి ఊరుకుంది.

మన హాల్లో

ఇప్పుడు నా తప్పు చెప్తాను. పోయిన బుద్ధ పూర్ణిమకి మా కమ్యూనిటీ హాల్లో సమావేశం. నేను సమానత్వం మీద గంటసేపు మాట్లాడాను, చప్పట్లు కొట్టారు. భోజనాలయ్యాక చూస్తే, మూడేళ్లుగా మా సమావేశాలకి వండి, గిన్నెలు తోమే పెద్దమ్మ హాలు వెనక మెట్ల మీద కూర్చుని అందరికన్నా చివర తింటోంది. ఒక చిన్నపిల్ల నన్ను అడిగింది, "ఆ అమ్మమ్మ పేరేంటి?" నాకు తెలీదు. మూడేళ్లు. మెనో ఇంటి కుర్రాడి పేరు ప్లేటో రాయలేదని పైన విమర్శించాను. ఆయనకీ నాకూ ఏంటి తేడా?

ఆ రోజు ఆమె పక్కన కూర్చుని పేరు అడిగాను. ఇక్కడ రాయటం లేదు, పుస్తకంలో పడటం ఇష్టం లేదంది. తర్వాతనుంచి గిన్నెలు వంతులవారీగా అందరం తోముతున్నాం, మగవాళ్లతో సహా. ఆమెకి ఇచ్చే కూలి పెంచాం. తరగతికి రమ్మంటే రెండు వారాలు వచ్చింది, కింద కూర్చుంటే మోకాళ్లు నొప్పి అని మానేసింది. కుర్చీ వేశాం, మళ్లీ వస్తోంది. ఎక్కువ మాట్లాడదు. పెద్ద మార్పు వచ్చేసిందని నేను చెప్పను.

ఆ కుర్రాడికి ఇప్పుడు నా జవాబు ఇది. తమ్ముడూ, గ్రీకుల దగ్గర కులం లేదు. అందుకే కులం దేవుడిది కాదని బుద్ధుడు వాళ్లని చూపించి ఋజువు చేశాడు. కాని కులం లేనంత మాత్రాన సమానత్వం వచ్చేయదు. ఒక గొప్ప సమాజం గురించి చదివినప్పుడల్లా సభలో మాట్లాడింది ఎవరో చదువు, గనిలో తవ్వింది ఎవరో కూడా వెతుకు. ఆ తర్వాత నీ ఇంట్లో, నీ హాల్లో అదే ప్రశ్న వేసుకో. పొద్దున్నే లేచి మీ ఇంట్లో నీళ్లు పట్టేది ఎవరు, చివర తినేది ఎవరు, వాళ్ల పేరు, వాళ్ల మాట నీకు తెలుసా అని.

నమో బుద్ధాయ. జై భీమ్.